ప్రయాణపు వ్యానుకు ఏ నీరు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టసీమలలో బావినీరు ఎక్కువగా గ్రానైటు శిలల పగుళ్ళ నుండి ఊరును. కాల్షియం, మెగ్నీషియం లవణములు కరిగియుండుటచే అది పలుచోట్ల కఠినజలము. దానిని కాచిన గిన్నెలో తెల్లని పొర కట్టుట విద్యార్థులు ఇంట చూచినదే.

పడకలు, వంటపొయ్యి అమర్చి దూరయాత్రలకు వాడు వ్యానులో ఈ నీటిని రేడియేటరున పోసినచో అక్కడను అదే జరుగును. వేడికి కాల్షియం బైకార్బనేటు విడిపోయి, కరగని కార్బనేటుగా సన్నని గొట్టముల లోపల అంటుకొనును. ఈ పొర ఉష్ణమును సులభముగా పోనీయదు. ఇంజను మితిమీరి వేడెక్కును. కావున స్వేదనజలమును, కూలెంటును తయారీదారులు చెప్పిన పాళ్ళలో కలిపి పోయవలెను.

ఇంజను వేడిగా నున్నపుడు రేడియేటరు మూత తీయరాదు. పీడనమువలన లోపలి నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు దాటియు మరగకుండును. మూత వదులుకాగానే ఆవిరితో ఎగజిమ్మి ముఖమును కాల్చును.

దీపములకు వాడు మూతలున్న సీసపు బ్యాటరీలో, ఛార్జి చేయువేళ నీరు హైడ్రోజను, ఆక్సిజనులుగా విడిపోవును, ఆమ్లము మిగులును. అందుచే మట్టము తగ్గినపుడు స్వేదనజలమే చేర్చవలెను. బావినీటిలోని క్లోరైడులు, ఇనుము పలకలకు హాని చేయును. సమీపమున అగ్గిపుల్ల గీయరాదు; హైడ్రోజను ప్రేలును.

గాజుపలకపై రెండు నీళ్ళను ఒక్కొక్క చుక్క ఆరనిచ్చి చూడుడు. బావినీరు మచ్చను మిగుల్చును, స్వేదనజలము మిగుల్చదు.