తెలుగు పేరున్న చెట్టు – సోమిద

విద్యార్థులారా! మొక్కల శాస్త్రీయ నామాలు నోరు తిరగవని మీరు విసుక్కుంటారు కదూ? వాటిలో ఒకటి మాత్రం మన మాటే. ‘సోయ్మిడా ఫెబ్రిఫ్యూగా’ అనే పేరులోని మొదటి పదం మన ‘సోమిద’ నుంచి వచ్చింది.

సోమిద మన దేశంలో, శ్రీలంకలో ఆకురాల్చే పొడి అడవుల్లో పెరిగే పెద్ద చెట్టు. కలప ఎర్రగా, గట్టిగా ఉంటుంది. కాయ ఎండితే అయిదు చెక్కలుగా విచ్చుకుంటుంది. లోపలి రెక్కల గింజలు గాలికి ఎగిరిపోతాయి.

18వ శతాబ్దం చివర సామర్లకోటలో పనిచేసిన స్కాట్లండు వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ ఈ చెట్టును వర్ణించి, మహాగని ప్రజాతిలో చేర్చాడు. ఆ కాలంలో మలేరియాకు మందు దక్షిణ అమెరికా నుంచి వచ్చే సింకోనా బెరడు. సోమిద బెరడు కూడా చేదే. కాబట్టి సింకోనాకు బదులు ఇది పనికివస్తుందని ఆశపడ్డారు. ‘ఫెబ్రిఫ్యూగా’ అంటే జ్వరాన్ని పారదోలేది అని అర్థం. 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆడ్రియన్ డి జస్సూ దీన్ని మహాగని నుంచి విడదీసి, ‘సోయ్మిడా’ అనే కొత్త ప్రజాతిని ఏర్పరచాడు. నేటికీ అందులో ఉన్నది ఈ ఒక్క జాతే.

“చేదుగా ఉన్నదల్లా మలేరియాను తగ్గిస్తుందా, మాస్టారూ?” అని మా తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్న! సింకోనా బెరడు నుంచి క్వినైన్‌ను 1820లో పెల్టియె, కావెంటూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు వేరుచేశారు. మలేరియాపై పనిచేసేది ఆ క్వినైనే. సోమిదలో అది లేదు. దాని చేదు లిమోనాయిడ్ల వంటి వేరే పదార్థాలది. వేపలోని చేదూ ఈ కోవదే. నాలుకకు రెండు బెరళ్లూ ఒకటే. పరీక్షించి చూస్తేనే తేడా తెలుస్తుంది. అందుచేత జ్వరం వస్తే బెరడు నమలవద్దు, వైద్యుని దగ్గరకు వెళ్లండి.

మరి వేపకూ సోమిదకూ బంధుత్వం ఉందా? ఉంది! మహాగనితో పాటు రెండూ మిలియేసీ కుటుంబానివే. ఉగాది పచ్చడికి తెచ్చిన వేపపువ్వుల్లో ఒకదాన్ని భూతద్దంతో చూడండి. కేసరాలు విడివిడిగా ఉండవు. వాటి కాడలు కలిసి చిన్న గొట్టంలా ఏర్పడతాయి. సోమిద పువ్వులో అవే గిన్నెలా ఉంటాయి. ఈ కుటుంబానికి ఇదొక ముఖ్య గుర్తు.

చివరగా ఒక మాట. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేళ్లకు చేరుతుంది. మాను చుట్టూ బెరడు ఒలిస్తే వేళ్లు ఆకలితో మాడి, చెట్టు ఎండిపోతుంది. మన భాషలోని ఒక మాటను ప్రపంచ వృక్షశాస్త్రంలో నిలిపిన ఈ చెట్టును మన అడవుల్లో నిలుపుకోవడం మన వంతు.