ఊరికి వచ్చిన విద్యుత్తు ఇంటికి వచ్చుట ఎట్లు?



విత్తన ప్రదర్శనలకై నేను తిరుగు పల్లెలలో ఒకదాని శివారున ఒక వృద్ధ వితంతువు ఇల్లు గలదు. కరెంటు తీగ ఆ ఇంటికి ముప్పది గజముల దూరముననే పోవుచున్నది. ఊరంతయు వెలుగుచుండ ఆమె మాత్రము బుడ్డి దీపముతో వంట చేసికొనుచున్నది. కారణ మడుగగా, “స్థలము మా మరిది పేర నున్నది బాబూ, నాకు మీటరు రాదని చెప్పినారు” అనెను. ఆమె విన్న మాట చట్టమునకు సరిపడదు. ఇట్టి ఇండ్లు మన సభ్యుల ఊళ్లలో మరికొన్ని యుండవచ్చును గనుక, తీగ వచ్చియు దీపము రాకుండుటకు గల కారణములను వివరించెదను.

మొట్టమొదట, ఊరికి విద్యుత్తు వచ్చుట వేరు, ఇంటికి వచ్చుట వేరు అని గ్రహింపవలెను. మన దేశమున 1997 వరకు గ్రామపు రెవిన్యూ హద్దులలో ఎచ్చటనైనను, ఏ పనికైనను విద్యుత్తు వాడినచో అది విద్యుత్తు గల గ్రామమని లెక్కించెడివారు. పొలములో ఒక్క మోటారు తిరిగిన చాలును. ఊరు చీకటిలో నున్నను లెక్కలో వెలుగే. 2004లో ఈ నిర్వచనమును మార్చి, బడి, పంచాయతి కార్యాలయము మున్నగు చోట్లకును దళిత వాడకును సదుపాయముండి, నూటికి పది ఇండ్లకైనను కరెంటుండవలెనని విధించిరి. అనగా తక్కిన తొంబది ఇండ్లు చీకటిలో నున్నను ఆ గ్రామము లెక్కకెక్కును. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశమందలి గ్రామీణ గృహములలో నూటికి 55 మాత్రమే విద్యుద్దీపము గలవి. 2017లో ప్రారంభమైన సౌభాగ్య పథకము ఊరిని గాక ఇంటినే లెక్కకు తీసికొని, 2 కోట్ల 80 లక్షలకు పైగా గృహములకు కనెక్షను లిచ్చినది.

ఇక కారణములు.

మొదటిది దూరము. స్తంభము దగ్గరనున్న ఇంటికి తీగ లాగుట సులభము. పొలములలోని విడి ఇండ్లకును, కొండలపై నున్న పది గడపల గూడెములకును కొత్త స్తంభములు, ఒక్కొక్కప్పుడు కొత్త ట్రాన్స్‌ఫార్మరు కావలెను. ఇండ్లు తక్కువైన కొలది ఇంటి కొకటికి పడు ఖర్చు హెచ్చును.

రెండవది తొలి ఖర్చు. నెలసరి బిల్లు కట్టగల కూలివాడును డిపాజిట్టు, మీటరు, ఇంటిలోపలి వైరింగు అను మూడింటికి ఒక్కసారిగా సొమ్ము చూపలేడు. ఇది యెరిగియే సౌభాగ్య పథకమున బీదలకు ఉచితముగను, ఇతరులకు పది వాయిదాలలో 500 రూపాయలకును కనెక్షను లిచ్చిరి.

మూడవది కాగితములు. పట్టా లేనివారు తమకు హక్కు లేదనుకొని దరఖాస్తే చేయరు. కాని 2003 విద్యుత్ చట్టము 43వ సెక్షను ప్రకారము ఇంటి యజమానియే గాక, అందు నివసించువారును సరఫరా కోరవచ్చును. 2024లో సవరించిన నియమములను బట్టి, కొత్త లైను అవసరము లేనిచో, సరియైన దరఖాస్తు అందిన పిమ్మట గ్రామములలో 15 దినములలోగా, కొండ ప్రాంతపు గ్రామములలో 30 దినములలోగా కనెక్ష నీయవలెను. కావున దరఖాస్తు వ్రాతమూలముగ నిచ్చి, తేదీ గల రసీదు తప్పక పొందవలెను.

నాల్గవది బకాయి. వచ్చిన దీపము నిలుచుట బిల్లుపై ఆధారపడును. వేయి వాట్లు ఒక గంట వాడిన ఒక యూనిట్టు. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు దినమునకు ఐదు గంటల చొప్పున నెలకు యూనిట్టున్నర కూడ కాల్చదు. పాత 60 వాట్ల బల్బు 9 యూనిట్లు కాల్చును. బకాయి పడినను, 15 దినముల వ్రాతపూర్వకమైన నోటీసు లేక కనెక్షను తీయరాదు. తీసినచో కొక్కెము తగిలించుకొనుట నేరము. అంతకు మించి ప్రాణాపాయము.

ఐదవది వోల్టేజి. కాలువ చివరి చేనికి నీరు తగ్గునట్లు, పొడవైన లైను చివరి ఇంటికి వోల్టేజి తగ్గును. అదే ట్రాన్స్‌ఫార్మరుపై మోటార్లు హెచ్చుగా నున్నచో దీపము మిణుకుమనును, ఫాను తిరుగదు. మోటార్లకు, ఇండ్లకు వేరు ఫీడరు లుండుట, 11,000 వోల్టుల తీగను ఇండ్ల చెంతకు తెచ్చి చిన్న ట్రాన్స్‌ఫార్మరులు పెట్టుట దీనికి మందు. మోటార్లకు తగిన కెపాసిటర్లు బిగించుట మాత్రము మన చేతిలోని పని.

సహకార సంఘమునకు ఇందు పని లేదని తలపరాదు. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడిన పిమ్మట, తొలుత స్థాపితమైన ఐదు విద్యుత్ సహకార సంఘములలో మన సిరిసిల్ల సంఘ మొకటి. అది నేటికిని నడచుచు, 2022 డిసెంబరులో సభ్యుల ఓట్లతో పాలకవర్గము నెన్నుకొన్నది. మనము తీగలు లాగనక్కరలేదు. ప్రతి సంఘమును తన ఊరి చీకటి ఇండ్ల పట్టిక వ్రాసి, ఒక్కొక్క యింటి కెదురుగ పై ఐదింటిలో ఏ కారణమో గుర్తించిన చాలును. కాగితములు లేనివారికి దరఖాస్తు వ్రాసి పెట్టవలెను. శివారు గూడెముల వారిచేత ఉమ్మడిగ అర్జీ పెట్టించవలెను. వైరింగునకు చాలనివారికి చిన్న అప్పు విషయము మహాజన సభలో ఆలోచింపవలెను.

పై వితంతువు విషయమున ఆ యూరి సంఘ కార్యదర్శిగారు ఆమె అక్కడనే నివసించుచున్నట్లు వ్రాసి, వేలిముద్ర వేయించి, దరఖాస్తు దాఖలు చేయించినారు. రసీదు ఆమె చేతికి వచ్చినది. మొన్న నేను పోయినప్పుడు దానిని బియ్యపు డబ్బాలో భద్రపరచుకొని, దినములు లెక్కించుచుండెను.