పళ్ల డాక్టరు నవలకు ప్రాణం పోసిన కాగితం బొమ్మలు

మనుషులు అరచేతిలో పట్టేంత చిన్నగా ఉండి, వారిని పెంచుకునే దొరలు తాటిచెట్టంత ఎత్తుంటే ఎలా ఉంటుంది? ఫ్రాన్సు దేశంలో ఒక పళ్ల డాక్టరుకు ఈ ఊహ వచ్చింది. ఆయన పేరు పియేర్ పేరో. స్టెఫాన్ వుల్ అనే కలం పేరుతో ఆయన రాసిన నవల 1957లో వెలువడింది. పదహారేళ్ల తరువాత, 1973లో, అదే కథ బొమ్మల సినిమాగా తెరకెక్కింది. ‘అడవి గ్రహం’ అని అర్థం వచ్చే పేరుతో విడుదలైన ఈ చిత్రం ఆ ఏడాది కాన్ చలనచిత్రోత్సవంలో ప్రత్యేక బహుమతి గెలుచుకుంది.

కథలో నీలి రంగు శరీరం, ఎర్రని కళ్లు గల ద్రాగులు ఏలికలు. మనుషులను వారు ఓమ్‌లు అంటారు. మెడకు పట్టీ కట్టి పెంచుకుంటారు. అడవిలో తిరిగే ఓమ్‌లను పురుగుల్లా విషవాయువు పెట్టి చంపుతారు. తల్లిని పోగొట్టుకున్న టెర్ అనే పసివాడిని ఒక ద్రాగు బాలిక పెంచుతుంది. ఆమె తలకు పట్టీ పెట్టుకుని పాఠాలు వింటుంటే అవి వాడికీ వంటబడతాయి. ఒకనాడు వాడు ఆ పట్టీని ఈడ్చుకుంటూ పారిపోయి, అడవిలోని తనవాళ్లకు చదువు నేర్పుతాడు.

దర్శకుడు రెనే లాలూ. బొమ్మలు గీసిన రోలాన్ టోపోర్ యూదుల బిడ్డ. చిన్నతనంలో నాజీల కంటబడకుండా దాగి బతికినవాడు. మనుషులను వేటాడే కథ ఆయనకు కొత్త కాదు.

చిత్రీకరణ ప్రేగ్ నగరంలోని యిరీ ట్రన్కా స్టూడియోలో సాగింది. కాగితంపై గీసిన బొమ్మల కాళ్లు, చేతులు, తలలు విడివిడిగా కత్తిరించి కెమెరా కింద పరిచారు. రవ్వంత జరపడం, ఫొటో తీయడం, మళ్లీ జరపడం. తోలుబొమ్మకు కీళ్లున్నట్టే వీటికీ ఉన్నా, ఆడించే పుల్ల మాత్రం లేదు. తెరపై సెకనుకు 24 ఫ్రేములు, నిమిషానికి 1,440. ఆ లెక్కన 72 నిమిషాల చిత్రానికి లక్షకు పైగా ఫ్రేములు అవసరమయ్యాయి.

నవలను ఉన్నదున్నట్టు తీయలేదు. పుస్తకంలో ఓమ్‌లు ఓడలు కట్టుకుని అడవి ఖండానికి తరలిపోతారు. సినిమాలో రాకెట్లు తయారు చేసుకుని ఆకాశంలోని అడవి గ్రహానికి ఎగురుతారు. దారి మారినా, దొంగచాటుగా నేర్చిన చదువే రెండింటిలోనూ వారిని గట్టెక్కించింది.

చివరకు ఉభయులూ రాజీకి వస్తారు. ఓమ్‌ల నివాసానికి ఒక కృత్రిమ ఉపగ్రహం ఏర్పడుతుంది. దానికి పెట్టిన పేరు టెర్. ఫ్రెంచి వారు భూమిని పిలిచేదీ ఆ మాటతోనే.