వాహనం జారడం

వాహన చక్రాలకు రోడ్డుపై పట్టు తప్పి, వాహనం చోదకుడు నడపదలచిన దిశలో కాక వేరొక దిశలో కదలిపోవడాన్ని జారడం లేదా స్కిడ్ అవడం అంటారు. తడి, బురద, ఇసుక, మంచు ఉన్న రోడ్లపై ఇది ఎక్కువగా సంభవిస్తుంది. జారుతున్న వాహనాన్ని అదుపు చేయడం కంటే జారకుండా నివారించడమే సులభం.

భౌతిక కారణం

టైరుకు, రోడ్డుకు మధ్య గల ఘర్షణ బలమే వాహనాన్ని నడిపిస్తుంది, మలుపు తిప్పుతుంది, ఆపుతుంది. ఈ బలానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంది. మలుపులో ఇందులో అధిక భాగం వాహనాన్ని తిప్పడానికే సరిపోతుంది. అదే సమయంలో గట్టిగా బ్రేకు వేస్తే పరిమితి దాటి చక్రాలు జారతాయి. తిరగడం పూర్తిగా ఆగిపోయిన ముందు చక్రాలు స్టీరింగుకు లోబడవు.

ఘర్షణ గుణకం పొడి తారురోడ్డుపై సుమారు 0.7, తడి రోడ్డుపై 0.4, గడ్డకట్టిన మంచుపై 0.1 ఉంటుంది. ఈ లెక్కన గంటకు 60 కి.మీ. వేగంతో వెళ్తున్న వాహనం బ్రేకు పడిన తరువాత ఆగడానికి వరుసగా సుమారు 20, 35, 140 మీటర్లు పడుతుంది. వేగం రెట్టింపయితే ఈ దూరం నాలుగు రెట్లవుతుంది.

రోడ్లు జారుడుగా మారే సందర్భాలు

* తొలకరి: వేసవి అంతా రోడ్డుపై పేరుకున్న నూనె, దుమ్ము తొలి జల్లులతో కలిసి జారుడు పొరగా ఏర్పడతాయి. వాన ధారాళంగా కురిస్తే ఈ పొర చాలావరకు కొట్టుకుపోతుంది.
* నిలిచిన నీరు: వేగంలో టైరు గాడులు నీటిని పక్కకు తోయలేకపోతే టైరు నీటి పొరపై తేలుతుంది. అరిగిన టైర్లలోను, గాలి తగ్గిన టైర్లలోను ఇది తక్కువ వేగానికే జరుగుతుంది.
* మట్టి, ధాన్యం: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెలలో ట్రాక్టరు చక్రాల నుండి రాలిన పొలం మట్టి, రోడ్డుపై ఆరబోసిన వడ్లు, మొక్కజొన్నలు ద్విచక్ర వాహనాలకు ప్రమాదకరం.
* మంచు: శీతల దేశాలలో రోడ్డుపై ఏర్పడే పలుచని, పారదర్శకమైన మంచు పొర కంటికి కనబడదు. పైనా, కిందా చలిగాలి తగలడం వలన వంతెనలు ముందుగా గడ్డకడతాయి.

జారినపుడు చేయవలసినవి

* ముందు చక్రాలు జారితే వాహనం మలుపు తిరగక నేరుగా పోతుంది. స్టీరింగును ఇంకా తిప్పరాదు. యాక్సిలరేటరు వదిలి, బ్రేకు సడలించి, స్టీరింగును కొద్దిగా వెనక్కు తీసుకుంటే పట్టు తిరిగి దొరుకుతుంది.
* వెనుక చక్రాలు జారితే బ్రేకు, యాక్సిలరేటరు వదిలి, వెనుక భాగం ఏ వైపు జారుతోందో ఆ వైపుకే స్టీరింగు తిప్పాలి. వాహనం సర్దుకోగానే స్టీరింగును కూడా నేరుగా చేయాలి. ఆలస్యమయితే వాహనం ఎదురు వైపుకు జారుతుంది.
* నీటిపై తేలితే బ్రేకు వేయక, స్టీరింగును నిలకడగా పట్టుకొని యాక్సిలరేటరును మెల్లగా వదలాలి.
* బ్రేకు వలన చక్రాలు బిగుసుకుపోతే, యాంటీ-లాక్ బ్రేకులు (ఏబీఎస్) లేని వాహనంలో బ్రేకు వదిలి మరల మెల్లగా వేయాలి. ఏబీఎస్ ఉంటే బ్రేకును గట్టిగా తొక్కి ఉంచాలి. పెడల్ అదరడం లోపం కాదు.

ద్విచక్ర వాహనాలు

ముందు చక్రం బిగుసుకుంటే వాహనం క్షణంలో పడిపోతుంది కాబట్టి ముందు బ్రేకును వెంటనే సడలించాలి. వెనుక చక్రం బిగుసుకొని పక్కకు జరిగిన తరువాత బ్రేకును ఒక్కసారిగా వదిలితే, చక్రానికి హఠాత్తుగా పట్టు దొరికి వాహనం చోదకుని ఎత్తి పడవేయవచ్చు. భారతదేశంలో 125 సీసీ మించిన కొత్త నమూనాలకు 2018 ఏప్రిల్ 1 నుండి, అప్పటికే ఉన్న నమూనాలకు 2019 ఏప్రిల్ 1 నుండి ఏబీఎస్ తప్పనిసరి అయింది.

నివారణ

* మలుపుకు ముందే, రోడ్డు నేరుగా ఉన్నచోటనే వేగం తగ్గించాలి.
* వానలో ముందు వాహనానికి మామూలు కంటే కనీసం రెట్టింపు దూరం పాటించాలి.
* ఘాట్ రోడ్డు దిగేటపుడు తక్కువ గేరులో నడపాలి.
* టైర్లలో గాలి సరిచూడాలి. అనేక దేశాలలో కారు టైరు గాడికి చట్టబద్ధమైన కనీస లోతు 1.6 మి.మీ. తడి రోడ్డుపై పట్టు అంతకు ముందే తగ్గిపోతుంది కాబట్టి ఆ లోతు వచ్చేవరకు వేచి ఉండరాదు.