మీకు తెలుసా? ‘రూమ్ టెంపరేచర్’లోని రూమ్ కంభంలోది కాదు!

ద్రాక్షతో పేరు తెచ్చుకున్నది మన ఆంధ్రలో గుండ్లకమ్మ మీద చెరువున్న కంభం కాదు, తమిళనాడు తేని జిల్లాలోని కంబం. అక్కడి పన్నీర్ ద్రాక్షకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వైన్‌కూ పనికొచ్చే మస్కట్ హాంబర్గ్ రకం అది. మన వైపు ‘వైన్స్’ అని బోర్డున్న దుకాణంలో అమ్ముడయ్యేది ఎక్కువగా బ్రాందీ, విస్కీ, బీరే!

ఎప్పుడో ఒక రెడ్ వైన్ సీసా ఇంటికొచ్చిందనుకోండి. మొదటి పొరపాటు వేడి దగ్గరే. దాన్ని గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాట చలిదేశాల పాత ఇళ్లలో పుట్టింది. అక్కడ గది అంటే 16–18 డిగ్రీలు. మే నెలలో మన కంభం మిద్దె గదిలో అదే సీసా తెరిస్తే ఆల్కహాల్ ఘాటు ముందుగా ముక్కుకు కొడుతుంది, పండు వాసన ఎక్కడో వెనకబడుతుంది. కాబట్టి రెండు గంటలైనా ఫ్రిజ్‌లో ఉంచాలి. వైట్ వైన్‌కు ఇంకా చల్లదనం కావాలి, 8–12 డిగ్రీలు. తొందరపడి ఐసు ముక్కలు వేస్తే మిగిలేది రంగునీళ్లే.

గ్లాసు నిండా పోయడం మజ్జిగకు మర్యాద. వైన్‌కు మూడో వంతు చాలు, పైనున్న ఖాళీ వాసన కోసం. పట్టుకోవాల్సింది కాడను, బొజ్జను కాదు. అరచేతి వేడి ఇట్టే ఎక్కుతుంది.

తెరిచిన సీసా ఫ్రిజ్‌లో పెట్టినా మూడు నుంచి అయిదు రోజులే. ద్రాక్షరసమే కదా అనుకోకండి: ఇందులో ఆల్కహాల్ సాధారణంగా 12–14 శాతం, మామూలు బీరుకు రెట్టింపు పైమాటే.