తొలి గడ్డానికి తగిన కానుక!

సినిమాలో హీరోగారు గడ్డం గీసుకునే సీను ఎప్పుడైనా జాగ్రత్తగా గమనించారా? చెంపల నిండా తెల్లటి నురగ, భుజం మీద తువ్వాలు, ఎదురుగా అద్దం. హీరోగారు కూనిరాగం తీస్తూ రేజరు అలా ఒక్కసారి ఆడిస్తారు. ఇంతలో ఫోను మోగుతుంది, లేదా హీరోయిన్ తలుపు తోసుకుని వచ్చేస్తుంది. తువ్వాలుతో తుడుచుకునేసరికి చెంప నున్నగా మెరిసిపోతూ ఉంటుంది! గాటు లేదు, మంట లేదు, మరిచిపోయిన వెంట్రుక లేదు. మేకప్ వేసుకోక ముందే అసలు పని అయిపోయి ఉంటుంది కాబట్టి తెరమీద ఆయనకు ఏ ఇబ్బందీ లేదు.

మన ఇంట్లో పదిహేడు, పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడికి ఆ భాగ్యం ఎక్కడిది? నూనూగు మీసం ముదురుతోంది, గడ్డం కింద అక్కడో నాలుగు, ఇక్కడో నాలుగు వెంట్రుకలు లేచాయి, పైగా మొటిమలు. వాడి పుట్టినరోజుకో, కాలేజీలో సీటు వచ్చినందుకో మంచి షేవింగ్ సెట్ కొనిద్దామని ఇంట్లోవాళ్ళకు ముచ్చట. తీరా బజారుకు వెళితే చెక్కపెట్టెలు, వెల్వెట్ గుడ్డలు, తళతళలాడే స్టాండులు! ఏది కొనాలో సరే, ముందు ఏది కొనకూడదో చెప్పాలి. ఎందుకంటే దాని వెనుక ఒక సినిమా కథ ఉంది.

జేమ్స్‌బాండ్ చేసిన నిర్వాకం

2012లో 'స్కైఫాల్' వచ్చింది. అందులో డేనియల్ క్రెయిగ్ కుర్చీలో కూర్చుని ఉంటాడు. నవోమీ హారిస్ మంగలికత్తి తీసుకుని, కొవ్వొత్తుల వెలుగులో, బాండుగారి గడ్డం మెల్లగా గీస్తుంది. పిస్తోలు పేలకుండానే ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టే సీను అది. ఆ సినిమా తర్వాత ఇంగ్లండులో మంగలికత్తుల అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయని పత్రికలు రాశాయి. ఇప్పటికీ ఖరీదైన గిఫ్టు పెట్టెల్లో ఆ కత్తి కులుకుతూ కనిపిస్తుంది.

దయచేసి అది కొనకండి!

మంగలికత్తి చూడ్డానికెంత అందమో, వాడడానికి అంత కష్టం. దానిని సానరాయి మీద నూరాలి. గీసుకునే ముందు తోలుపట్టీ మీద ఆడించాలి. చెయ్యి ఒక్క వెంట్రుకవాసి తిరిగినా చర్మం తెగుతుంది. చాప్లిన్ 'ది గ్రేట్ డిక్టేటర్' (1940) చూసినవారికి గుర్తుండే ఉంటుంది. రేడియోలో బ్రామ్స్ సంగీతం వస్తుంటే, ఆ తాళానికి తగినట్టు కస్టమరు గడ్డం గీసేస్తాడు చాప్లిన్. మనం పొట్ట పట్టుకుని నవ్వుతాం. కానీ ఆ నవ్వు వెనుక ఉన్న సాధన సామాన్యమైనదా? మన 'కథానాయకుడు' (2008)లో జగపతిబాబు వేసింది కూడా క్షురకుడి వేషమే. ఆ వృత్తి చేసేవారు చిన్నప్పటినుంచీ పెద్దవారి పక్కన నిలబడి నేర్చుకునే పని అది. మొన్ననే మీసం మొలిచిన కుర్రవాడి చేతిలో దానిని పెట్టి 'హ్యాపీ బర్త్‌డే' అనడం ఎంతవరకు న్యాయం?

అలా కత్తి పట్టడం రానివాళ్ళ కోసమే సేఫ్టీరేజరు పుట్టింది. అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ అనే ఆయన పల్చటి రేకులాంటి బ్లేడు చేయించి, 1903లో అమ్మకానికి పెట్టాడు. మొదటి సంవత్సరం ఎన్ని రేజర్లు అమ్ముడుపోయాయో తెలుసా? 51! బ్లేడ్లు 168. మన భాషలో చెప్పాలంటే మొదటి ఆటకే ఫ్లాప్! అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. 1904లో పేటెంటు చేతికొచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికులకు లక్షల కొద్దీ ఈ రేజర్లే పంచింది. యుద్ధం నుంచి తిరిగివచ్చినవాళ్ళు ఇంట్లోనే గీసుకోవడం అలవాటు చేసుకున్నారు. ఆ తర్వాత 1971లో రెండు బ్లేడ్లది, 1998లో మూడు బ్లేడ్లది, 2006లో అయిదు బ్లేడ్లది వచ్చాయి. మల్టీస్టారర్ సినిమాల్లాగా బ్లేడ్లు పెరుగుతూ పోయాయి. ధరలూ పెరుగుతూ పోయాయి!

ఆ కొత్తరకాలు చెడ్డవని నేననను. 2010లో మన దేశం కోసమే తయారై, 15 రూపాయలకు వచ్చిన ఒంటిబ్లేడు 'గార్డ్' రేజరుతో హాయిగా కాలక్షేపం చేస్తున్నవాళ్ళు బోలెడుమంది. కుర్రవాడికి పొద్దున్నే అయిదు నిమిషాల తీరిక కూడా లేకపోతే అదే చాలు. కానీ వాడి వెంట్రుక ఉంగరాలు తిరిగేదైతే, గీసుకున్న రెండోరోజుకే మెడమీద ఎర్రటి పొక్కులు లేస్తుంటే, రెండువైపులా పదునుండే పాతకాలపు బ్లేడే మేలు. మూడు, నాలుగు బ్లేడ్లు ఒకదాని వెనుక ఒకటి వెళ్ళినప్పుడు వెంట్రుక చర్మం కంటే కిందికి తెగుతుంది. ఉంగరాల వెంట్రుక బయటికి రాలేక లోపలే వంకర తిరుగుతుంది. ఆ పొక్కులకు చాలావరకు కారణం అదే. పైగా బ్లేడు ధర కొద్ది రూపాయలే. విద్యార్థి జేబుకు అంతకంటే ఏం కావాలి?

పెట్టెలో ఏం పెట్టాలి?

మీరే ఒక్కొక్కటీ ఏరి, మామూలు అట్టపెట్టెలో సర్ది ఇవ్వండి. వెల్వెట్‌కు పెట్టే డబ్బు రేజరుకు పెట్టండి. ఎందుకంటే మిగతావన్నీ అయిపోయేవి, అరిగిపోయేవి. మంచి రేజరొకటి పదుల సంవత్సరాలు నిలుస్తుంది. రేజరు దంతెల్లాంటి పళ్ళు లేకుండా, అంచు నున్నగా ఉన్నది చూడండి. పళ్ళున్న రకం దట్టమైన గడ్డం వాళ్ళకు, చెయ్యి తిరిగినవాళ్ళకు. బ్లేడు అంచు బయటికి బాగా పొడుచుకొచ్చినట్టు కనిపిస్తే అది కూడా మొదటిరోజులకు పనికిరాదు. పిడి మీద గరుకుగా గీతలుండాలి, లేకపోతే సబ్బుచేతిలో జారుతుంది. కాస్త బరువుండడం దోషం కాదు, గుణం. స్తోమత ఉన్నవాళ్ళకు జర్మనీలో సోలింగెన్ ఊరినుంచి వచ్చే 'మెర్కుర్' రకాలు, ఇంగ్లండు షెఫీల్డు నుంచి వచ్చే 'ఎడ్విన్ జాగర్' రకాలు పేరున్నవి. మన దేశంలో తయారైనవీ నిక్షేపంగా ఉన్నాయి. ఒక్క హెచ్చరిక. మరీ చవక రేజర్లు నాసిరకం పోతలోహంతో చేసి, పైన నికెలో క్రోమియమో పూత పూసినవి. బాత్‌రూం గచ్చు మీద ఒక్కసారి పడితే మర దగ్గర పుటుక్కున విరుగుతాయి.

బ్లేడ్ల విషయంలో మాత్రం ఒకే రకం పెద్దపెట్టె కొనవద్దు. మూడు నాలుగు రకాలు, ఒక్కొక్క పాకెట్టు చొప్పున పెట్టండి. ఒకరికి వెన్నలా జారిన బ్లేడు ఇంకొకరి చెంప మీద రంపంలా గీరుతుంది. ఇది ఎవరికి వారు తేల్చుకోవలసిన సంగతి. జపాను 'ఫెదర్' బ్లేడు పదునుకు పెట్టింది పేరు. అందుకే మొదట్లో దానిని దూరంగా ఉంచడం మంచిది. ఒక బ్లేడు నాలుగయిదు సార్లు వాడాక పారేయాలి. పొదుపని పదిహేను రోజులు లాగితే చర్మం పగబడుతుంది.

బ్రష్ దగ్గర కొంచెం ఆగాలి. పందివెంట్రుకలవి, బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలవి, ప్లాస్టిక్ పోగులవి దొరుకుతాయి. బహుమతి ఎవరికిస్తున్నారో ఆలోచించుకోండి. ముస్లిం మిత్రుడికి పందివెంట్రుకల బ్రష్ ఇస్తే స్నేహం సంగతేమో గానీ, బ్రష్ మాత్రం ఆ ఇంటి గడప దాటదు! కొందరు శాకాహారులకూ జంతువుల వెంట్రుక పట్టదు. ప్లాస్టిక్ పోగులది ఎవరికైనా ఇవ్వవచ్చు. నానబెట్టే పని లేదు, త్వరగా ఆరుతుంది, ధర తక్కువ. నురగ కూడా బ్రహ్మాండంగా వస్తుంది.

సబ్బుబిళ్ళ కన్నా ట్యూబులో వచ్చే క్రీమే కొత్తవాడికి సులువు. 1980లలో టీవీలో కపిల్‌దేవ్ పామోలివ్ క్రీముకు చేసిన ప్రకటన ఆ కాలంవాళ్ళకు ఇప్పటికీ నోట్లో నానుతూనే ఉంటుంది. ఏ కంపెనీదైనా ఫర్వాలేదు. అసలు చిక్కు నీళ్ళతో! బోరునీళ్ళు వాడే ఇళ్ళలో ఎంత తిప్పినా నురగ నిలవదు. నీళ్ళు గరుకైతే సబ్బు విరుగుతుంది. అలాంటి ఇళ్ళలో అరగ్లాసు తాగేనీళ్ళతో నురగ చేసుకుంటే చాలు, మొహం కడుక్కోవడానికి బోరునీళ్ళు సరిపోతాయి. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది మంచి క్రీములను తిట్టుకుంటున్నారో!

ఇక పటిక. కిరాణాకొట్టులో అడిగితే ఇచ్చే తెల్లటి గడ్డ. గీసుకున్నాక తడిమొహం మీద రుద్దితే చిన్న గాట్లనుంచి వచ్చే రక్తం కట్టుకుంటుంది. మంగలిషాపులో ఎన్నేళ్ళుగానో చూస్తున్నదే కదా. పెట్టెలో ఉన్న వస్తువులన్నింటిలోకీ చవకైనది, ఎక్కువ పనికొచ్చేది ఇదే. సువాసనలు చిమ్మే లోషన్ల సీసాలు మొటిమల మొహానికి మంట పెడతాయి. అవి తర్వాత వాడే కొనుక్కుంటాడు లెండి, అమ్మాయిల కాలేజీ దారి తెలిశాక!

దుబాయి నుంచి పాఠం

జగిత్యాల వైపు మా అక్కవాళ్ళ ఊరు. బావ దుబాయిలో ఉంటాడు. మేనల్లుడు పాలిటెక్నిక్ హాస్టలుకు వెళ్ళబోతుంటే బావ డబ్బు పంపి, "మంచి సెట్టు నువ్వే చూసి కొను" అన్నాడు. కొన్నాను. కానీ పెట్టె చూసి మేనల్లుడి మొహంలో సంతోషం కంటే బెరుకే ఎక్కువ కనిపించింది. అంతకుముందు దోస్తు రేజరుతో గీసుకుని మెడంతా కోసుకున్నాడట. అది అక్కకు చెప్పనే లేదు. ఒకరి రేజరు ఇంకొకరు వాడితే హెపటైటిస్ బి లాంటి జబ్బులు అంటే ప్రమాదముందని వాడికి చెప్పినవాళ్ళెవరు? తండ్రి చెప్పవలసిన మాటలు కొన్ని తల్లిని అడగలేరు ఈ వయసు పిల్లలు.

నేను చూపిస్తానంటే సిగ్గుపడ్డాడు. చివరికి శుక్రవారం, బావకు సెలవురోజు, వీడియోకాల్ పెట్టించాను. శుక్రవారం గడ్డమేమిటని అక్క గొణిగింది గానీ ఎవరూ వినలేదు. అక్కడ క్యాంపు గదిలో బావ నురగ పూసుకుని కూర్చున్నాడు. ఇక్కడ మేనల్లుడు. స్నానం చేసి వచ్చాడు కాబట్టి వెంట్రుకలు మెత్తబడి ఉన్నాయి.

"ముందుగాల చేత్తోటి తడుము బిడ్డా. ఎంటికె ఎటు వొయ్యిందో జూడు. అటే గీకాలె, ఎదురు గీకద్దు."

మెడ దగ్గర వెంట్రుకలు పక్కకు తిరిగి ఉన్నాయని వాడికి అప్పుడే తెలిసింది. కోసుకున్నది అక్కడే.

"గట్టిగ ఒత్తకు. దాని బరువు దానికున్నది. నువ్వు ఊకె పట్టుకో."

ఏ పుస్తకమూ అంతకంటే బాగా చెప్పదు. రేజరును చెంపకు ముప్పై డిగ్రీల వాలులో ఉంచడం, రెండువేళ్ళ మేర మాత్రమే చిన్నచిన్నగా లాగడం, లాగినప్పుడల్లా కడగడం, మొటిమ ఉన్నచోట వదిలేయడం అన్నీ ఆయన చేసి చూపించాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఒక్క గాటు పడింది, అదీ గడ్డం గుంట దగ్గర. పటిక రుద్దితే "మండుతుంది డాడీ" అన్నాడు. అటువైపు బావ నవ్వి, నురగ తుడుచుకునే నెపంతో తువ్వాలు చాలాసేపు మొహం మీదే ఉంచుకున్నాడు. మూడేళ్ళయింది ఆయన ఇంటికి వచ్చి.

అందుకే చెబుతున్నాను. పెట్టె ఇచ్చి వెళ్ళిపోకండి. మొదటిసారి పక్కన నిలబడండి, లేదా నిలబడగల మనిషిని చూడండి.

ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న

అసలు కుర్రవాడికి గీసుకునే ఉద్దేశముందా? 'అర్జున్ రెడ్డి' (2017), 'కె.జి.ఎఫ్.' (2018), 'పుష్ప' (2021) వచ్చాక గడ్డమే హీరోయిజమైంది. 'మాయాబజార్' (1957)లో ఎన్.టి.ఆర్. కృష్ణుడి నున్నటి చెంపలు చూసి మురిసిన తాతగారికి మనవడి గుబురుగడ్డం నచ్చకపోవచ్చు. కానీ మొహం మనవడిది! గడ్డం పెంచేవాడికి ట్రిమ్మర్ ఇస్తే కళ్ళకద్దుకుంటాడు. మొటిమలు చీము పట్టి ఉన్నా ముందు ట్రిమ్మరే నయం, డాక్టరుకు చూపించాక రేజరు సంగతి చూడవచ్చు. అన్నట్టు, అయ్యప్పమాల వేసుకున్నవాడికి మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. మండలదీక్ష నలభైఒక్క రోజులూ ఆ పెట్టె వంక దిగులుగా చూస్తూ కూర్చోవాలి పాపం!

కుర్రవాడు విమానమెక్కి దూరదేశం చదువుకు వెళుతుంటే బ్లేడ్లు చేతిసంచిలో పెట్టవద్దు, సెక్యూరిటీవాళ్ళు తీసేస్తారు. పెద్దపెట్టెలో సర్దాలి. వాడేసిన బ్లేడ్లకు పాత పౌడరుడబ్బా ఒకటి ఇవ్వండి, మూతకు బ్లేడు పట్టేంత సందు కోసి. లేకపోతే చెత్త తీసేవాళ్ళ చేతులు తెగుతాయి. డబ్బా నిండడానికి చాలా ఏళ్ళు పడుతుంది.