ఒకరి చూపు ఆకు మీద, ఒకరి చూపు పాము మీద

ఛత్తీస్‌గఢ్‌లో రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్ళే రోడ్డు మీద సిల్తరా పొగగొట్టాలు దాటితే ధర్సీవా వస్తుంది. బస్సులో కూర్చున్నవాళ్ళకు కనబడేది స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు, లారీల బారులు. రోడ్డు దిగి ఏ ఊరివైపు మళ్ళినా మాత్రం మరో లోకం. చెరువులు, వాటి కింద వరి మళ్ళు, పడమటి దిక్కున ఖారున్ నది. ఆ నది సిమ్గా దగ్గర సోమనాథ్‌లో శివనాథ్‌తో కలిసి, చివరికి మహానదికి చేరుతుంది. జూన్ నడుమ వానలు పట్టుకున్నాక ఇక్కడ చెరువుకూ మడికీ మధ్య హద్దు చెరిగిపోతుంది. అలా పరుచుకున్న మోకాటి లోతు నీళ్ళే ఈ నేలలో అన్నిటికన్నా జీవం నిండిన చోటు.

ఆ నీటి అంచును చూడాలంటే ఇద్దరు కలిసి వెళ్ళాలి. భద్రత ఒక కారణం, దాని సంగతి తర్వాత చూద్దాం. అసలు కారణం చూపు. మొక్కల మీద మక్కువ ఉన్న మనిషి వంగి, ఒక్కచోట నిలబడి, ఆకు తిప్పి చూస్తాడు. పాముల కోసం వెతికేవాడు తల ఎత్తి, నీటి మీద కదిలే సన్నని గీత కోసం దూరంగా చూస్తాడు. ఈ రెండు చూపులూ ఒక మనిషికి ఒకేసారి సాధ్యం కావు. పాము ఎక్కడుంటుందో చెప్పేది మాత్రం మొక్కే.

ఇలాంటి జోడీ తెలుగు తీరంలో రెండు శతాబ్దాల కిందటే ఉంది. 1785లో వృక్షశాస్త్రవేత్త కోనిగ్ కాకినాడ దగ్గర జగన్నాథపురంలో కన్నుమూశాడు. చివరి రోజుల్లో ఆయనకు వైద్యం చేసినవాడు సామర్లకోటలో ఉంటున్న స్కాట్లాండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్. కోనిగ్ తర్వాత ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పదవి విశాఖపట్నంలో ఉన్న మరో స్కాట్లాండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్‌కు దక్కింది. రాక్స్‌బర్గ్‌ది మొక్కల లోకం. రస్సెల్ మొక్కలు ఎరిగినవాడే అయినా పాముల వెంట పడ్డాడు. స్థానికులు తెచ్చిచ్చిన పాముల బొమ్మలు గీయించాడు, వాళ్ళు పిలిచే తెలుగు పేర్లను పక్కన రాసుకున్నాడు. విషం ఎంత వేగంగా పనిచేస్తుందో కోళ్ళ మీద, కుక్కల మీద పరీక్షించాడు. రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795లో మొదలైతే దానికి ముందుమాట రాసింది రస్సెల్. మరుసటి ఏడే ఆయన పాముల పుస్తకం వచ్చింది. రాక్స్‌బర్గ్ మొక్కల బొమ్మలు గీసిన భారతీయ చిత్రకారుల పేర్లు చాలావరకు మనకు మిగల్లేదు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధే.

ఆ ఇద్దరి పని ధర్సీవా చెరువులోనూ కనబడుతుంది. ఇక్కడి నీటి మీద చాపలా పరుచుకునే సింఘాడాకు శాస్త్ర గ్రంథాల్లో ‘ట్రాపా బైస్పైనోసా’ అనే పేరు పెట్టింది రాక్స్‌బర్గే. దాని ఆకుల కింద వేటాడే నీరుకట్టె పాముకు జర్మన్ శాస్త్రవేత్త ష్నైడర్ 1799లో పేరు పెట్టాడు. అందుకు ఆధారం రస్సెల్ పుస్తకంలోని బొమ్మ.

గట్టు మీద నిలబడి లోపలికి చూస్తే మొక్కలు వరసలు కట్టి ఉంటాయి. తడి మట్టిలో తుంగ, దాని వెనక జమ్ము, ఆపైన నీటి మీదికి పాకే తూటికూర. కాస్త లోతులో కలువ, తామర. సింఘాడా తీగను దగ్గరగా చూడటానికి ఎంతసేపైనా చాలదు. ఆకు కాడ ఒకచోట ఉబ్బి గాలితో నిండి ఉంటుంది, మొక్కను తేల్చేది అదే. కాయ నీటి అడుగున, రెండు ముళ్ళ కొమ్ములతో పెరుగుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఢీమర్, కేవట్ కులాల వాళ్ళు దీన్ని చెరువుల్లో పండించి చలికాలం బజారుకు తెస్తారు. కలువల మధ్య పసుపు పువ్వు ఒకటి వేరూ ఆకూ లేనట్టు నీటిలోంచి నిటారుగా లేస్తే అది యుట్రిక్యులేరియా కావచ్చు. నీటి లోపల దారాల్లాంటి దాని కొమ్మలకు చిన్న చిన్న తిత్తులుంటాయి. నీటి పురుగు తిత్తి వాకిట వెంట్రుకకు తగిలిందంటే సెకనులో వెయ్యోవంతు కన్నా తక్కువ వ్యవధిలో తిత్తి దాన్ని లోపలికి లాగేసుకుంటుంది.

ఈ దట్టమైన వేళ్ళ మధ్యే కప్పలు గుడ్లు పెడతాయి, చేపపిల్లలు దాక్కుంటాయి. కాబట్టి నీరుకట్టె కూడా అక్కడే. ఛత్తీస్‌గఢీలో దాన్ని ఢోఢియా అంటారు. ఒంటి మీద చదరంగపు గళ్ళు, కంటి నుంచి వాలుగా దిగే రెండు నల్ల గీతలు దాని ఆనవాళ్ళు. విషం లేదు. బెదిరిస్తే మాత్రం మెడ వెడల్పు చేసి పైకి లేస్తుంది, గట్టిగా కరుస్తుంది. ఆ మెడ చూసే ఎంతోమంది నాగుపామనుకుని కొట్టి చంపేస్తారు. మడి గట్ల మీద ఎలుకల కోసం తిరిగే జెర్రిపోతును ఇక్కడివాళ్ళు అసఢియా అంటారు. ఆషాఢంలో ఎక్కువగా కనబడుతుందని ఆ పేరు. దానికీ విషం లేదు. డోమీ అనే నాగుపాము, రాత్రి పూట కట్లపాము, ఎండు గడ్డిలో రక్తపింజరి, ఇవి మాత్రం ప్రాణాంతకం.

అందుకే రెండో మనిషి కావాలి. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటు మరణాలను అంచనా వేసిన అధ్యయనం ప్రకారం ఏటా సగటున 58,000 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది పల్లెవాళ్ళు, వానాకాలంలో. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. చెరువుకు వెళ్ళేవాళ్ళు మోకాలి వరకు బూట్లు వేసుకోవాలి, ముందు కర్రతో గడ్డిని తట్టాలి, కలుగులో చెయ్యి పెట్టకూడదు. పామును పట్టుకోకూడదు, దూరం నుంచి ఫొటో చాలు. కాటు పడితే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం పనికిరావు. కరిచిన భాగాన్ని కదలకుండా ఉంచి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. 108కి ఫోన్ చేసేదీ, కరిచిన మనిషిని పరుగెత్తనీయకుండా ఆపేదీ పక్కనున్న మిత్రుడే.

పాముల కన్నా ఆందోళన పెట్టే విషయం మరొకటుంది. సిల్తరా వైపు ఊళ్ళవాళ్ళు కర్మాగారాల నల్లటి దుమ్ము గురించి చాలా కాలంగా మొరపెట్టుకుంటున్నారు. చెరువుల అంచుల్ని బేషరమ్ అనే రబ్బరు తూటి, గుర్రపుడెక్క ఆక్రమిస్తున్నాయి. ఇంకోవైపు సుందరీకరణ పేరుతో ఒడ్డును రాతితో నిలువుగా కట్టేస్తే తుంగ, జమ్ము ఉండే పలుచటి నీళ్ళే మాయమవుతాయి. నీరు అంతే ఉంటుంది, కానీ కప్ప గుడ్లు పెట్టే చోటు ఉండదు. చట్టం కూడా ఇక్కడ పెద్దగా ఆదుకోదు. 2017 నాటి చిత్తడి నేలల నియమాలు తాగునీటికీ సాగుకూ మనుషులు తవ్వినవాటిని లెక్కలోంచి తీసేశాయి. ఈ ప్రాంతపు చెరువుల్లో ఎన్నో మనుషులు తవ్వినవే. చిత్తడి నేలల అంతర్జాతీయ ఒప్పందమైన రామ్‌సర్ అలాంటి తేడా చూపదు. 2025 డిసెంబరులో ఛత్తీస్‌గఢ్ నుంచి మొదటి రామ్‌సర్ స్థలంగా గుర్తింపు పొందిన బిలాస్‌పూర్ జిల్లా కోప్రా కూడా జలాశయమే. తవ్విన చెరువు చెరువు కాదన్న ఈ విభజన సరైనది కాదు. నీరుకట్టెకు ఆ తేడా తెలియదు.

చట్టం వదిలేసినచోట పంచాయతీకి ఒక దారి ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. ఇద్దరు మిత్రులు ఒక వానాకాలమంతా వారం వారం ఒకే చెరువుకు వెళ్ళి, తేదీ, నీటి మట్టం, పూసిన మొక్క, కనబడిన పాము, దాని స్థానిక పేరు రాసుకుంటే ఆ కమిటీకి ఇవ్వదగిన సమాచారం తయారవుతుంది. రేపు ఒడ్డుకు రాయి పరచాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, ఏ మూల జమ్మును ముట్టకూడదో ఆ కాగితం చూపించి చెప్పవచ్చు.